అరిజోనాలో సొంత స్థలంలోని రక్షిత మొక్కలు: తొలగించాలన్నా, తరలించాలన్నా చట్టప్రకారం చేయవలసిన పనులు

అరిజోనాలో ఇల్లు కట్టుకోవడానికి ఖాళీ స్థలం కొన్నవారికి మొదట్లోనే ఒక సందేహం వస్తుంది. నేల నా పేరున రిజిస్టరయింది, అందులో మొలిచిన కాక్టస్ కూడా నాదే కదా, దాన్ని తీయించడానికి ప్రభుత్వానికి ఎందుకు చెప్పాలి? ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, చట్టం కూడా దాన్ని కాదనదు. మొక్క స్థలయజమానిదేనని, దాన్ని ఉంచుకోవడానికీ, తీసివేయడానికీ, అమ్మడానికీ, ఇవ్వడానికీ అతనికి హక్కుందని చట్టం ఒప్పుకుంటుంది. అది అడిగేవి రెండే. మొక్కను నాశనం చేసేముందు ప్రభుత్వానికి కొన్ని రోజుల వ్యవధితో తెలియజేయాలి. మొక్క మీ గట్టు దాటి రోడ్డెక్కే పక్షంలో దానితోపాటు పర్మిట్, ట్యాగు, సీలు కూడా ప్రయాణించాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది చిక్కుల్లో పడతారు కనుక, ఈ వ్యాసమంతటా ఆ తేడాను పట్టుకునే నడుస్తాను.

అరిజోనాలో స్థానిక మొక్కల రక్షణకు 1929 నుంచి చట్టం ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలు ఆ రాష్ట్ర చట్టసంపుటి మూడో శీర్షికలోని ఏడో అధ్యాయంలో, 3-901 సెక్షన్ నుంచి మొదలవుతాయి. వీటిని అమలు చేసేది రాష్ట్ర వ్యవసాయ శాఖ. నోటీసులు, పర్మిట్లు, ట్యాగులు అన్నీ ఆ శాఖ చేతుల మీదుగానే జరుగుతాయి తప్ప, ఇంటి ప్లాను ఆమోదించే నగర కార్యాలయానికి ఈ రాష్ట్ర నోటీసుతో సంబంధం లేదు. నగరం కట్టుబడి అనుమతి ఇచ్చేసింది కాబట్టి మొక్కల పని కూడా తీరిపోయిందనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఇంత పట్టింపు ఎందుకో, స్తంభంలా నిలువుగా పెరిగే సవారో కాక్టస్ ఒక్కదాన్ని చూస్తే అర్థమవుతుంది. విత్తనం మొలిచిన తరువాత మొదటి ఎనిమిదేళ్లలో అది పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళాలు మాత్రమే. అంటే ఎనిమిదేళ్ల మొక్క మన బొటనవేలంత కూడా ఉండదు. అది కూడా సాధారణంగా ఏ పాలో వెర్డే చెట్టు నీడలోనో, ఐరన్‌వుడ్ చెట్టు కిందో దాక్కుని, ఎండనుంచీ చలినుంచీ ఆ పెద్ద చెట్టు కాపు కాస్తేనే బతుకుతుంది. మొదటి చేయి, అంటే కాండం పక్కనుంచి వచ్చే కొమ్మ, రావడానికి యాభై నుంచి డెబ్బై అయిదేళ్లు, వానలు తక్కువైన చోట వందేళ్లు కూడా పడుతుంది. రెండు చేతులున్న సవారోను యంత్రంతో పడగొట్టడానికి అయిదు నిమిషాలు చాలు. అది మళ్లీ ఆ ఎత్తుకు రావడం ఆ స్థలం కొన్నవారి జీవితకాలంలో జరిగే పని కాదు.

మొదటి పని: ఏ మొక్క ఏ వర్గంలో ఉందో తెలుసుకోవడం

చట్టం రక్షిత మొక్కలను నాలుగు వర్గాలుగా విభజించింది. మొదటిది అత్యధిక రక్షణ గల వర్గం. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి ఇందులో ఉంటాయి. టూసాన్ పరిసరాల్లో పెరిగే పీమా పైనాపిల్ కాక్టస్ అలాంటిది. సవారోల్లో అరుదుగా తల విసనకర్రలా విచ్చుకుని పెరిగే రూపాన్ని కూడా ఈ వర్గంలోనే చేర్చారు. మీ స్థలంలో అలాంటిది ఉంటే, దాన్ని మామూలు సవారోగా లెక్కించకూడదు. రెండోది తరలింపుపై ఆంక్షలున్న వర్గం. మామూలు సవారో, బ్యారెల్ కాక్టస్, ఒకోటియో, అగేవ్‌లు, యక్కాలు వంటివన్నీ ఇందులోకి వస్తాయి. సామాన్యంగా ఇళ్ల స్థలాల్లో కనిపించే కాక్టస్‌లు దాదాపు అన్నీ ఈ వర్గానివేనని అనుకుని పని మొదలుపెట్టడం క్షేమం. మూడోది పాలో వెర్డే, ఐరన్‌వుడ్, మెస్కీట్ వంటి చెట్ల వర్గం. వీటిని తవ్వి తరలించి అమ్మడం పెద్ద వ్యాపారం కాబట్టి, దానికి తగ్గట్టు వేరే పర్మిట్ పద్ధతి ఉంది. నాలుగోది కలప కోసమో, నార కోసమో కోసుకుపోయే ప్రమాదమున్న వర్గం. ఐరన్‌వుడ్ వంటివి మూడు, నాలుగు వర్గాల్లో రెండింటిలోనూ ఉంటాయి.

మెస్కీట్ విషయంలో మనవాళ్లు పొరబడడం సహజం. మన ఊళ్లలో సర్కారు తుమ్మ ఎక్కడ పడితే అక్కడ మొలిచి పొలాల్ని ఆక్రమిస్తుంది కాబట్టి, దాని దగ్గరి బంధువు ఇక్కడ కనిపించగానే కొట్టేయాలనిపిస్తుంది. కాని అరిజోనాలో స్థానికంగా పెరిగే మెస్కీట్ ఈ నేలదే, రక్షిత జాబితాలో ఉన్నదే.

ఒకోటియో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడాదిలో ఎక్కువ కాలం అది నేలలో గుచ్చిన ఎండు ముళ్లకట్టెల కట్టలా ఉంటుంది. ఆకు ఒక్కటి కూడా కనిపించదు. బాగా వాన పడితే కొద్ది రోజుల్లోనే ప్రతి కట్టె పొడవునా చిన్న చిన్న పచ్చని ఆకులు తొడుగుకుంటాయి, తడి ఆరగానే రాలిపోతాయి. దాన్ని చచ్చినదనుకుని చెత్తలో వేయించిన సందర్భాలు తక్కువేమీ కాదు. అనుమానమొస్తే గోటితో బెరడు కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది, చట్టం దానికి వర్తిస్తుంది.

గుర్తింపు పని అయ్యాక స్థలం పటం ఒకటి తీసుకుని, ప్రతి రక్షిత మొక్కకూ ఒక అంకె వేసి, దాని పేరు, ఎత్తు, చేతుల సంఖ్య, ఎక్కడుందో రాసుకోండి. పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ వంగి వెతికితే తప్ప పిల్ల సవారోలు కనిపించవు. ప్రతి మొక్కకూ నాలుగు వైపుల నుంచి తేదీ పడేలా ఫోటో తీసుకోవడం తరువాత ఎన్నోచోట్ల పనికొస్తుంది.

రెండో పని: హద్దులు నిర్ధారించుకోవడం

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కాని, దీన్ని వదిలేస్తే తరువాతి పనులన్నీ నేరంగా మారిపోవచ్చు. యజమాని అనుమతి లేకుండా ఇతరుల నేలలోని రక్షిత మొక్కను తెలిసి తీసినా, నాశనం చేసినా ఈ చట్టంలో అది దొంగతనమే. పక్క స్థలం రాష్ట్ర ట్రస్టు భూమి (బడులు వంటి ప్రజాసంస్థల కోసం రాష్ట్రం అట్టేపెట్టిన భూమి) అయితే నియమాలు పూర్తిగా వేరు. ఎడారిలో కంచెలు హద్దు మీదే ఉంటాయన్న నమ్మకం లేదు. మొక్క హద్దుకు దగ్గరలో ఉంటే లైసెన్సున్న సర్వేయరు చేత రాళ్లు వేయించి, అప్పుడు ముందుకు వెళ్లండి.

మూడో పని: ప్రతి మొక్కకూ ఏం చేయబోతున్నారో తేల్చుకోవడం

ఉన్నచోటనే ఉంచడం అన్నిటికంటే సులువు. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఇల్లు ఎక్కడ కట్టాలి, కారు దారి ఎటు వేయాలి అన్నది పదడుగులు జరిపితే సగం మొక్కలు మిగిలిపోతాయి. అది ఆర్కిటెక్టుతో మొదటిసారి కూర్చున్నప్పుడే తేలాలి. నా ఉద్దేశంలో చట్టం కోరే అన్ని పనులకంటే ఈ ఒక్క మాటే ఎక్కువ మొక్కల్ని కాపాడుతుంది.

అదే స్థలంలో ఒకచోటు నుంచి మరోచోటికి మార్చడం రెండో దారి. మొక్క మీ స్థలం దాటదు కాబట్టి తరలింపు పర్మిట్ అవసరం ఉండదు. నిబంధనల్లో ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మొక్క సహజంగా మొలిచిన చోటును మాత్రమే కాక, అదే యజమాని స్థలంలో పర్మిట్ లేకుండా తిరిగి నాటిన చోటును కూడా 'అసలు పెరిగిన చోటు'గానే లెక్కిస్తారు. కాబట్టి మీరు ఈ ఏడాది తూర్పు మూలనుంచి వాకిట్లోకి మార్చిన సవారోను పదేళ్ల తరువాత బయటికి పంపాలనుకుంటే, అది మొదటిసారి ఎడారినుంచి తీసినట్టే పూర్తి పర్మిట్ కావాలి. నేను నాటిన మొక్కే కదా అంటే చెల్లదు.

మూడో దారి బయటికి పంపడం. అమ్మినా, ఊరికే ఇచ్చినా, మీకే ఉన్న ఇంకో స్థలానికి తీసుకెళ్లినా చట్టం దృష్టిలో అది తరలింపే. రెండు స్థలాలూ మీ పేరున ఉన్నాయన్నది ఇక్కడ మినహాయింపు కాదు, మధ్యలో రోడ్డు ఉంది కాబట్టి. నాలుగో దారి నాశనం చేయడం. దానికి కావలసింది పర్మిట్ కాదు, ముందస్తు నోటీసు.

నాలుగో పని: నాశనం చేసేముందు నోటీసు

ఎంత ముందుగా తెలపాలన్నది స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. ఎకరం కంటే తక్కువైతే 20 రోజులు, ఎకరం నుంచి 40 ఎకరాల లోపు అయితే 30 రోజులు, 40 ఎకరాలు, ఆపైన అయితే 60 రోజుల ముందు వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. చిన్న స్థలమైనా నోటి మాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగానే పంపమని నా సలహా. ఎందుకంటే రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి. నోటీసులో యజమాని వివరాలు, స్థలం పార్సిల్ నంబరు, హద్దుల వివరణ, పని ఎప్పుడు మొదలవుతుందో, ఇతరులు వచ్చి మొక్కలను కాపాడి తీసుకెళ్లడానికి మీరు ఒప్పుకుంటారో లేదో రాయాలి. నోటీసు అందినట్టు శాఖనుంచి జవాబు చేతికి వచ్చేదాకా యంత్రాన్ని స్థలంలోకి దింపకండి.

ఆ చివరి ప్రశ్నకు చాలామంది ఆలోచించకుండా 'లేదు' అని రాసేస్తారు. అపరిచితులు స్థలంలోకి వస్తారన్న జంకు వల్ల అలా రాయడం అర్థం చేసుకోదగిందే. అయితే ఆ రోజుల వ్యవధిని చట్టం పెట్టిందే ఆ మొక్కలు కావలసినవారు ముందుకు వచ్చే వీలుండాలని. మీరు 'అవును' అన్నంత మాత్రాన ఎవరూ చెప్పాపెట్టకుండా తవ్వుకుపోలేరు. వారికి మీ రాతపూర్వక అంగీకారం కావాలి, శాఖ పర్మిట్ కావాలి. తవ్విన గుంటలు పూడ్చాలని, బీమా చూపించాలని మీరు షరతులు పెట్టవచ్చు. బుల్‌డోజరు కింద పోవలసిన మొక్క ఇంకొకరి వాకిట్లో బతుకుతుంది, తొలగింపు ఖర్చులో కొంత మీకు తగ్గుతుంది. దయచేసి 'అవును' అనే రాయండి.

ఒక మినహాయింపు ఉంది. పది ఎకరాలకు మించని నివాస స్థలంలో మొదటి నిర్మాణం ఇప్పటికే పూర్తయి ఉంటే, ఆ వ్యక్తిగత యజమానికి ఈ ముందస్తు నోటీసు అవసరం లేదు. అంటే ఇల్లున్న స్థలం కొన్నవారు పెరట్లో ఈతకొలను కోసం కాక్టస్ తీయించవలసి వస్తే నోటీసు పంపనక్కర్లేదు. ఖాళీ స్థలం కొని కొత్తగా కట్టుకునేవారికి ఈ వెసులుబాటు వర్తించదు. ఇది నోటీసుకు మాత్రమే మినహాయింపు, తరలింపు పర్మిట్‌కు కాదు. పెరట్లోని నాగజెముడును తీసి పారేయడం వేరు, దాన్నే ట్రక్కెక్కించి స్నేహితుడి ఇంటికి పంపడం వేరు.

కాలం లెక్క ఎలా తప్పుతుందో ఒక ఉదాహరణతో చూడండి. ఒకటింపావు ఎకరం ఖాళీ స్థలంలో మార్చి 1న నేల చదును చేయడానికి గుత్తేదారుతో ఒప్పందం కుదిరిందనుకుందాం. నోటీసు జనవరి చివరికి శాఖకు చేరి ఉండాలి. ఫిబ్రవరి మధ్యలో గుర్తొచ్చి పంపితే మార్చి మధ్యదాకా యంత్రాలు ఖాళీగా నిలబడతాయి, వాటి అద్దె మీ మీద పడుతుంది. కాబట్టి స్థలం రిజిస్టరయిన వారంలోనే ఈ పని పెట్టుకోవాలి.

అయిదో పని: బయటికి పంపడానికి పర్మిట్, ట్యాగు, సీలు

దరఖాస్తు చేసేది మీరైనా, కొనుక్కునేవారైనా, తవ్వే సంస్థ అయినా, స్థలయజమాని సంతకం లేకుండా పర్మిట్ రాదు. ఏ జాతి మొక్కలు ఎన్ని, ఎక్కడినుంచి, ఎక్కడికి అన్న వివరాలు ఇవ్వాలి. మొదటి పనిలో తయారుచేసుకున్న పటం, ఫోటోలు ఇక్కడ పనికొస్తాయి. రుసుములు శాఖ నిర్ణయిస్తుంది. అవి మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పంపే రోజున అడిగి తెలుసుకోండి.

పర్మిట్‌తోపాటు వచ్చే ట్యాగును, సీలును మొక్కకు కట్టిన తరువాతే అది స్థలం దాటాలి. 'ముందు దించేద్దాం, ట్యాగు రేపు కడదాం' అనే పనివారి మాటకు ఒప్పుకోకండి. దారిలో అధికారి ఆపితే పర్మిట్ బండిలోనే ఉండాలి, ఇంట్లో ఉంటే లాభం లేదు. కొత్త చోట నాటడం పూర్తయ్యేదాకా ట్యాగును తెంపకూడదు.

అత్యధిక రక్షణ వర్గపు మొక్కలకు ఈ దారి ఇంత సులువు కాదు. శాస్త్రీయ ప్రయోజనానికి గాని, నాశనం కాబోతున్న మొక్కను లాభాపేక్ష లేకుండా కాపాడడానికి గాని మాత్రమే, అది కూడా ఆ జాతి మనుగడకు మేలు చేస్తుందనుకుంటేనే అనుమతి ఇస్తారు. కాబట్టి వాటిని అమ్మే ఆలోచన పెట్టుకోవద్దు.

కొనేవారికీ ఇదే జాగ్రత్త అవసరం. రోడ్డు పక్కన ట్రక్కులో సవారో పెట్టుకుని తక్కువ ధరకు ఇస్తామనేవారి దగ్గర ట్యాగు, పర్మిట్ చూపమనండి. అవి లేకుండా కొంటే ఆ మొక్క మీ దగ్గర ఉండడమే మీకు ఇబ్బంది తెచ్చిపెడుతుంది. దొంగతనాలు ఎంత మామూలో చెప్పాలంటే, టూసాన్ దగ్గరి సవారో జాతీయ ఉద్యానవనంలో కొన్ని మొక్కలకు మైక్రోచిప్‌లు అమర్చవలసి వచ్చింది.

ఆరో పని: నగరం, కాలనీ సంఘం, కేంద్ర చట్టాలు

రాష్ట్ర చట్టం అడిగింది పూర్తిచేసినా నగర నిబంధనలు వేరుగా మిగిలే ఉంటాయి. స్కాట్స్‌డేల్‌లో మూడడుగులు, అంతకు మించిన ఎత్తున్న కాక్టస్‌లకు, నాలుగు అంగుళాలు, ఆపైన కాండం గల స్థానిక చెట్లకు నగర రక్షణ ఉంది. వాటిని కదిలించడానికి నగరం అనుమతి తీసుకోవాలి. టూసాన్ నగరానికీ స్థానిక మొక్కల సంరక్షణ నిబంధనలున్నాయి. కాలనీ సంఘం ఉన్నచోట దాని ఒప్పందపత్రం చదవాలి. రాష్ట్రం వద్దనని మొక్కను తీయడానికి సంఘం వద్దనవచ్చు.

కేంద్రం చేసిన 1973 నాటి అంతరించిపోతున్న జాతుల చట్టం జంతువుల విషయంలో ఉన్నంత కఠినంగా ప్రైవేటు నేలలోని మొక్కల విషయంలో ఉండదు. కాని రాష్ట్ర చట్టాన్ని తెలిసి ఉల్లంఘిస్తూ ఆ జాబితాలోని మొక్కను తవ్వినా, నరికినా అది కేంద్ర నేరం కూడా అవుతుంది. అంటే రాష్ట్రానికి పంపవలసిన చిన్న నోటీసు ఎగ్గొట్టడం వల్ల రెండు చట్టాలు మీద పడవచ్చు. మీ పనికి కేంద్ర సంస్థ అనుమతి ఏదైనా అవసరమైతే, ఉదాహరణకు వాగును పూడ్చడానికి సైన్యపు ఇంజనీర్ల విభాగం పర్మిట్ కావలసివస్తే, ఆ సంస్థ ఈ మొక్కల సంగతి కూడా పరిశీలించాలి. పీమా పైనాపిల్ కాక్టస్ 1993 నుంచి ఆ కేంద్ర జాబితాలో ఉంది.

సెలవులకు ఇంటికి వెళ్తూ ఒక చిన్న కాక్టస్‌ను పెట్టెలో పెట్టుకుని ఇండియాకు తీసుకెళ్దామనుకునేవారికి ఒక మాట. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం, ప్రమాదంలో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తుంది. ఎగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, భారత మొక్కల క్వారంటీన్ నిబంధనల ప్రకారం దిగుమతి అనుమతి లేకుండా అది విమానం ఎక్కకూడదు.

ఏడో పని: తవ్వే రోజు

తవ్వకానికి కనీసం రెండు పూర్తి పనిదినాల ముందు 811కు ఫోన్ చేసి భూమిలోని గ్యాసు, కరెంటు, నీటి గొట్టాల గుర్తులు వేయించుకోవాలి. మీ సొంత పెరట్లో తవ్వుతున్నా ఇది తప్పనిసరి.

తరువాత సవారో కాండాన్ని చుట్టూ తిరిగి చూడండి. గిలా వడ్రంగిపిట్టలు, గిల్డెడ్ ఫ్లికర్లు దానిలో గూళ్లు తొలుస్తాయి. అవి వదిలేసిన తొర్రల్లో పిచ్చుకంత ఎల్ఫ్ గుడ్లగూబలు చేరతాయి. గుడ్లో పిల్లలో ఉన్న గూడును పాడుచేయడం 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం కింద నేరం కావచ్చు కాబట్టి, తొర్రలోకి పిట్ట వచ్చిపోతున్నట్టు కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా పని ఆపండి.

నీళ్లు నిండుగా తాగిన సవారో అడుగుకు సుమారు 36 కిలోలు తూగుతుంది. పదడుగుల మొక్క అంటే మూడున్నర క్వింటాళ్ల పైమాటే. అది ఒరిగితే మనిషిని నలిపేస్తుంది కనుక, నడుమెత్తు దాటినదాన్ని అనుభవమున్నవారికే వదిలేయండి. వాళ్లు వచ్చినప్పుడు మీరు దగ్గరుండి చేయించవలసింది ఒకటుంది. తవ్వేముందు దక్షిణం వైపు కాండానికి సుద్దతో గుర్తు పెట్టించాలి, కొత్త చోట ఆ గుర్తు మళ్లీ దక్షిణానికే ఉండేలా నాటించాలి. ఇన్నేళ్లూ నీడపట్టున ఉన్న ఉత్తరపు వైపు చర్మం హఠాత్తుగా ఎండకు తిరిగితే పసుపు పచ్చగా కమిలి, గట్టిపడి, అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. వేర్లలో ఎక్కువ భాగం నేలకు కొద్ది అంగుళాల లోపలే, మొక్క ఎత్తంత దూరం పరుచుకుని ఉంటాయి. తెగిన వేర్ల కొసలు ఆరి మానేదాకా, అంటే ఒకటి రెండు వారాలు నీరు పోయకూడదు. మునుపు ఎంత లోతున ఉందో అంతే లోతున నాటాలి, నిలబడుతుందో లేదోనన్న భయంతో ఇంకా లోతుగా పాతితే మొదలు కుళ్లిపోతుంది.

ఐరన్‌వుడ్, పాలో వెర్డే, మెస్కీట్ చెట్లను తరలించే పద్ధతి వేరు. వేరుముద్ద చుట్టూ ముందు చెక్కలతో నాలుగు వైపులా పెట్టె కట్టి, కొన్ని వారాలు ఆగి, చెట్టు తట్టుకున్నాక అడుగువేర్లు కోస్తారు. ఆ వారాలను మీ నిర్మాణ కాలపట్టికలో ముందే చేర్చుకోకపోతే, చెట్టు పెట్టెలో ఉండగానే పునాది తవ్వే యంత్రం వచ్చి నిలబడుతుంది.

శిక్షలు

రక్షిత మొక్కల దొంగతనానికి శిక్ష మొక్క విలువను బట్టి మారుతుంది. తక్కువ విలువైతే చిన్న నేరం, విలువ పెరిగేకొద్దీ తీవ్రనేరం. 1,500 డాలర్లు, ఆపైన విలువున్న మొక్క అయితే నాలుగో తరగతి తీవ్రనేరం అవుతుంది. చేతులున్న సవారో ధర ఆ మొత్తానికి సులువుగానే చేరుతుంది. వీసా మీద ఉంటున్నవారికి తీవ్రనేరం అన్న మాట జరిమానాతో పోయేది కాదని, దేశంలో ఉండే హక్కునే ప్రశ్నార్థకం చేయగలదని వేరే చెప్పనక్కర్లేదు. గుత్తేదారు పొరపాటు చేసినా యజమాని పేరు ముందుకొస్తుంది కాబట్టి, నోటీసు, పర్మిట్ల బాధ్యత ఎవరిదో నిర్మాణ ఒప్పందంలో రాయించి, ఉంచవలసిన మొక్కల జాబితాను, పటాన్ని ఆ ఒప్పందానికి జతచేయండి. ఉంచవలసిన మొక్కల చుట్టూ రంగు రిబ్బను కాదు, కంచె వేయించండి. యంత్రం నడిపే మనిషి కూర్చున్న ఎత్తునుంచి రిబ్బను కనిపించదు.

ఎనిమిదో పని: కాగితాలు

నోటీసు నకలు, శాఖ జవాబు, పర్మిట్, నాటిన తరువాత విప్పిన ట్యాగు, మొక్కల పటం, ఫోటోలు ఇంటి దస్తావేజులతోపాటు ఒకే సంచిలో పెట్టండి. తరలించిన సవారో చచ్చిపోయేదైనా నిలవ ఉన్న నీటితో మూడు నాలుగేళ్లు పచ్చగానే కనిపించవచ్చు. అప్పుడు దాన్ని తీయించవలసి వచ్చినా, ఇల్లు అమ్మినప్పుడు కొన్నవారు దాన్ని ఎక్కడికైనా పంపాలనుకున్నా, అది ఏ పర్మిట్ మీద వచ్చిందో చెప్పగలిగేది ఆ సంచి ఒక్కటే. స్థలం లోపలే పర్మిట్ లేకుండా మార్చిన మొక్కలుంటే, ఏది ఎక్కడినుంచి ఎక్కడికి ఏ తేదీన మార్చారో అదే పటం మీద రాసి సంతకం పెట్టండి.